మన గోదావరి చలికి క్యాబేజీ పండాలంటే

మన డెల్టాలో చలి ఎన్నాళ్ళుంటుంది చెప్పండి, కార్తీకం వెళ్ళాక కాస్త ఊపందుకుంటుంది, రథసప్తమి వచ్చేసరికి ఎండ చుర్రుమంటుంది. క్యాబేజీ గడ్డ గట్టిగా కట్టాలంటే 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి, మనకి అది డిసెంబరు, జనవరి రాత్రిళ్ళలోనే దొరుకుతుంది. అందుకే నేను వెనకనుంచి లెక్కేస్తాను. ధనుర్మాసంలో గడ్డ కట్టాలంటే నవంబరు మొదట్లో మొక్క మళ్ళో ఉండాలి, అంటే అక్టోబరు మొదట్లో నారు పోసెయ్యాలి, అదీ తొందరగా కాపుకొచ్చే రకం. చలి పడ్డాక చూద్దాంలే అంటే ఉత్త ఆకులే వస్తాయండీ.

చిక్కల్లా ఆ అక్టోబరు వానలూ తుపాన్లతోనే. మన జిగట నేలలో నీళ్ళు నిలిచాయంటే నారుకుళ్ళు వచ్చి మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోతాయి. నేనైతే ట్రేల్లో కోకోపీట్ నింపి అరుగు చివర, ఎండ తగిలీ జల్లు కొట్టని చోట పెడతాను, కోనసీమలో కొబ్బరి పొట్టుకి కరువేముంది! 25, 30 రోజుల నారు ఎత్తు బోదెల మీద అడుగున్నర ఎడంలో నాటితే చాలు.

అన్నట్టు ఆవాలు మర్చిపోకండి. క్యాబేజీ నాటడానికి రెండు వారాల ముందే మడి చుట్టూ ఆవాలు చల్లితే, ఆకులు జల్లెడ చేసే డైమండ్‌బ్యాక్ రెక్కల పురుగు చాలావరకు ఆవ మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. మిగిలినవాటికి లీటరు నీళ్ళలో 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానేసి, వడగట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి, ఇంట్లో పిల్లలు తినే కూరకి ఘాటు మందులెందుకు?

క్యారెట్, ముల్లంగి లంకల్లో ఒండ్రు ఇసుక నేలలో ఎంత సాఫీగా దిగుతాయో! పెరట్లో గట్టి మట్టైతే గడ్డలు చీలి కాళ్ళొచ్చేస్తాయి, అందుకని ఇసుకా పశువుల ఎరువూ బాగా కలిపి విత్తనం నేరుగా మళ్ళోనే వెయ్యాలి, నారు పీకి నాటకూడదు. కాలీఫ్లవర్‌కి మాత్రం పువ్వు కనపడగానే దాని ఆకులే పైకి మడిచి కట్టండి, తెల్లగా ఉంటుంది.

క్యాబేజీ గడ్డ బిగిశాక నీళ్ళు తగ్గించండి, ఎండగట్టి ఒక్కసారి తడిపితే పగిలిపోద్ది. కోసేటప్పుడు కింది ఆకులు, మోడు ఉంచేస్తే పక్కల నుంచి చిన్న చిన్న గడ్డలు మళ్ళీ వస్తాయి, పెసరపప్పు వేసి కూరకి అవి బావుంటాయి.