ఉప్పు మానేసిన వేసవి

ఆవకాయ కలిపిన మూడోనాడు జాడీ మూత తీసి తిరగ కలుపుతాం. ఉప్పు చాలకపోతే అప్పుడే వేస్తాం. 2023 మే నెలలో, నరసరావుపేటలోని మా ఇంట్లో, ఆ మూడోనాడు నేను జాడీలో ఉప్పు వేశాను. కాసేపటికి వచ్చి మళ్ళీ వేశాను. మూడోసారి గిద్ద పట్టుకుని నిలబడితే కోడలు నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, ఇందాక రెండుసార్లు వేశారు కదా!" ఆ పిల్ల ఎవరో ఒక్క క్షణం నాకు తెలియలేదు.

అంతకు నెల ముందు, బీపీ 160 దాటిందని నాకు మందు మార్చారు. పాత బిళ్ళకు హైడ్రోక్లోరోథయాజైడ్ తోడైంది. మూత్రంతో పాటు ఉప్పులో ఉండే సోడియాన్నీ బయటికి పంపే మందు అది. మొదలుపెట్టిన కొన్నాళ్ళకు రక్తపరీక్ష చేయించుకోవాలని ఎవరూ చెప్పలేదు. "ఉప్పు తగ్గించండి" అని మాత్రం అన్నారు. నేను తగ్గించలేదు, మానేశాను. పప్పు చప్పిడి, కూర చప్పిడి, చివరికి మజ్జిగ కూడా. మా అమ్మ పక్షవాతంతో మూడేళ్ళు మంచంలో ఉండి పోయింది. ఆ భయం నాది.

పైగా మా పల్నాడు ఎండలు. ఎండాకాలం నీళ్ళు బాగా తాగాలని అందరూ చెప్పే మాటే కాబట్టి రోజుకు ఐదు లీటర్లు తాగేదాన్ని. మొదట తలనొప్పి వచ్చింది. తర్వాత వికారం. అన్నం సయించలేదు, రాత్రిళ్ళు పిక్కలు పట్టేసేవి. వడదెబ్బ తగిలిందేమోనని ఇంకా నీళ్ళు తాగాను. ఆ పని ఇంకెవరూ చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

గుంటూరు తీసుకెళ్ళేసరికి మాట ముద్దగా వస్తోందట. రక్తంలో సోడియం 114 ఉంది. ఉండాల్సింది 135 నుంచి 145. మందు వల్ల సోడియం పోతుంటే, నేను తాగిన నీళ్ళు మిగిలినదాన్ని పలచన చేశాయి. రక్తం అలా పలచబడితే నీరు కణాల్లోకి చొరబడి మెదడు వాస్తుంది. నా మతిమరుపు అదే. ఇంకాస్త ఆలస్యమైతే మూర్ఛలు వచ్చేవన్నారు.

"ఉప్పే కదా, తొందరగా ఎక్కించండి" అని మావారు బతిమాలారట. డాక్టరుగారు ఒప్పుకోలేదు. రోజుకు ఎనిమిది పాయింట్లకు మించి పెంచితే మెదడు నరాల మీది పొర దెబ్బతిని, మనిషి కాళ్ళూ చేతులూ పడిపోవచ్చట. అందుకే మూడు శాతం సెలైన్ కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, గంటల లెక్కన రక్తం తీసి చూశారు. రోజుకు ఒక లీటరు నీళ్ళే ఇచ్చారు. మే నెలలో గొంతు పిడచగట్టుకుపోతుంటే ఆ గ్లాసు కోసం ఎదురుచూడటం నాకు ఇంకా గుర్తుంది. నాలుగోనాటికి 132కు వచ్చింది. అప్పుడు కోడల్ని పేరు పెట్టి పిలిచాను. ఆ పిల్ల ఏడ్చింది.

నడక కుదురుకోవడానికి నెల పట్టింది. ఆ బిళ్ళ తీసేసి వేరేది ఇచ్చారు. ఇప్పుడు నాకు రోజుకు టీ చెంచాలోపు ఉప్పు, పచ్చళ్ళలో ఉన్నది కూడా కలిపి. నీళ్ళు దాహం వేసినప్పుడు. ఇది నా లెక్క. మిరప చేలో పొద్దస్తమానం చెమటోడ్చే మావారికి ఇది సరిపోదు. ఆయన పొద్దున్నే ఉప్పేసిన మజ్జిగతో చద్దన్నం తిని వెళ్తారు, చేనికి కూడా మజ్జిగే పట్టుకెళ్తారు. ఉత్త నీళ్ళ సీసా ఒక్కటే ఇచ్చి పంపడం నేను మానేశాను. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కొలిచి కలుపుతాను. అందులోని గ్లూకోజు తోడుంటేనే పేగు ఉప్పునీ నీటినీ బాగా పీల్చుకుంటుందట.

బీపీ మందు మార్చినవాళ్ళు ఎవరు ఇంటికి వచ్చినా "సోడియం చూపించుకున్నావా అమ్మా?" అని అడుగుతున్నాను.

ఆ జాడీ ఆవకాయ నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటే పారబోయనివ్వలేదు కోడలు. ఇంకో పది కాయలు కొట్టించి, కారం, ఆవపిండి, నూనె మళ్ళీ పోసి ఉప్పు లేకుండా కలిపింది. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి, మజ్జిగన్నంలోకి అందులోంచి ఒక చిన్న ముక్క నా కంచంలో వేసింది.