తరుగు

"అన్నా, ఈ బంగారం యాడిది?"

పోయిన మాఘంలో పెళ్లి కుదిరిన అనంతపురం పాప ఒకామె నా బల్ల ముందు కూర్చుని అడిగింది. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆమెకు. పుస్తెలతాడు చేయించుకుందామని బెంగళూరు నగరత్‌పేటలో మా దాకా వచ్చింది. ఆ మాటకు నాకు చురుక్కుమంది. తల్లి బంగారంలోనైనా కంసాలి దొంగిలించక మానడన్న సామెత వింటూ ప్రొద్దుటూరులో పెరిగినవాణ్ని.

"దొంగ సొమ్ము మా దగ్గర ఉండదు పాపా" అన్నాను, కొంచెం గట్టిగానే.

"అయ్యో, అది కాదన్నా. ఏ గనిలోది, ఎవరు తవ్వింది అని."

బెంగళూరు వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఎన్ని క్యారెట్లని అడిగారు, తరుగెంత, మజూరి ఎంతని అడిగారు. ఎవరు తవ్వారని ఒక్కరూ అడగలేదు. నాకు తెలీదని చెప్పాను, అదే నిజం. పని ఇచ్చే శేఠ్ దగ్గర నుంచి బిస్కెట్టు వస్తుంది, దాని మీద 999 అని ఉంటుంది. పెరూ నుంచో ఘనా నుంచో ముడి కడ్డీలుగా ఓడల్లో, విమానాల్లో వచ్చి శుద్ధి అయిన బంగారం, స్విట్జర్లాండ్ మీదుగా వచ్చిన బంగారం, ఎవరో అమ్ముకున్న పాత గాజులు, అన్నీ ఒకే మూసలో కలిసిపోయాక దేనిదేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. గీటురాయి మీద గీస్తే వన్నె తెలుస్తుంది గానీ ఊరు తెలియదు. 2021 జూన్ నుంచి మా జిల్లాలోనూ హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ నుంచి ప్రతి నగ మీదా దానికే చెందిన ఆరక్షరాల గుర్తింపు సంకేతం, హెచ్‌యూఐడీ, ఉండాలి. వాటివల్ల మా మీద అనుమానం చాలా తగ్గింది, అందుకు నాకు సంతోషమే. కానీ ఆ ఆరక్షరాలు కూడా గని పేరు చెప్పవు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తరుగు అనే మాట చుట్టూనే ఆలోచన తిరిగింది.

మా గది మూడో అంతస్తులో ఉంది. అవెన్యూ రోడ్డు వెనక, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తుకోవాల్సిన సందులో. ఎనిమిది మందిమి. ముగ్గురం రాయలసీమవాళ్లం, నలుగురు బెంగాలీ కుర్రాళ్లు, ఒక మైసూరు పెద్దాయన. బెంగాలీ పిల్లలు నన్ను దాదా అంటారు, పెద్దాయన ఆచారే అంటాడు. కుంపటి మంట అల్లాడకూడదని, బంగారు రజను ఎగరకూడదని ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయం. ఆకురాయి పట్టేటప్పుడు రాలే రజను ఒడిలో తోలు మీద పడుతుంది. దిగేముందు చేతులూ కాళ్లూ తొట్టిలో కడుక్కుంటాం, ఆ నీళ్లు పారబోయం. అడుగున తేరిన మడ్డి, చిమ్మిన దుమ్ము, చిరిగిన చాప, ఆకురాళ్లు తుడిచిన గుడ్డ, అన్నీ దాచి ఆరు నెలలకొకసారి కాల్చి కడిగించి బంగారం తీయిస్తాం. పొద్దున 100 గ్రాములు తూచి ఇస్తే సాయంత్రం మిల్లీగ్రాములతో సహా లెక్క అప్పజెప్పాలి. గుడ్డకంటిన రవ్వ కూడా ఎవరి ఖాతాలోదో రాసి ఉంటుంది.

మా నాయన ఊపిరి ఏ ఖాతాలోనూ లేదు.

ఆయన రోజుల్లో దుకాణం బోర్డుల మీద కేడీఎం అని పెద్దక్షరాలతో రాసుకునేవాళ్లు. అంటే కాడ్మియం. అంతకుముందు అతుక్కి రాగి, వెండి ఎక్కువ కలిపిన పొడి వాడేవాళ్లు, దాంతో నగ మొత్తంగా వన్నె తగ్గేది. 92 పాళ్ల బంగారానికి 8 పాళ్ల కాడ్మియం కలిపితే అతుకు కూడా దాదాపు 22 క్యారెట్లే ఉంటుంది. కొనేవాళ్లకు అది వరమైంది. అయితే బంగారం కరగడానికి 1064 డిగ్రీలు కావాలి, కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. అతుకు పెట్టిన ప్రతిసారీ ఆ పొగ లేస్తుంది. మా నాయన ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, ముఖం మంటకు జానెడు దూరంలో ఉంచి, వెలిగారం పొంగి అణిగేదాకా ఊదేవాడు. ఊది ఊది మళ్లీ గాలి పీల్చేది అక్కడే కదా. యాభై దాటేసరికి మెట్లెక్కలేకపోయాడు. కాడ్మియం క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1993లోనే తేల్చింది. ఆ సంగతి మా వీధికి వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఇప్పుడు మేం జింకు, ఇండియం కలిపిన పొడులు వాడుతున్నాం.

ఇక మా అమ్మ వాళ్ల నాయన సంగతి. కుప్పం దగ్గర పల్లె. మా కులంలోనే వడ్రంగం చేసేవాళ్లు. కోలార్ గనుల్లో చాంపియన్ రీఫ్ లోపల రాతి కప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టే పని ఆయనది. మూడు కిలోమీటర్లకు పైగా లోతు. రాయి వేడి 60 డిగ్రీలు దాటేదట. ఉన్నట్టుండి రాయి పగిలి మీదపడి చనిపోయినవాళ్ల పేర్లు తాత వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాడని అమ్మ అంటుంది. ఆయన రాయి పడి పోలేదు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి, దగ్గీ దగ్గీ పోయాడు. నూట ఇరవై ఏళ్లలో ఆ గనుల్లోంచి దాదాపు 800 టన్నుల బంగారం తీశారు. వాటి కోసం 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చారు, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సైనైడుతో కడిగేసిన బూడిదరంగు మట్టి కోట్ల టన్నులు గుట్టలుగా మిగిలింది. ఒకసారి అమ్మను తీసుకెళ్లాను. గాలి లేస్తే ఆ పొడి ఇళ్ల మీదికే వస్తోంది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది, ఏమీ మాట్లాడలేదు.

కోలార్ మూతపడింది గదా అని ఊరుకుందామా? ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో చిన్న చిన్న గుంటలు తవ్వుకునే పేదలు బంగారాన్ని పాదరసంతో ముద్ద కట్టించి, ఆ ముద్దను పెనం మీద కాలుస్తారు. పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. వెండి మీద పాదరసంతో బంగారు అగ్నిపూత వేసిన మా పెద్దల చేతులు ఎందుకు వణికేవో నాకు తెలుసు కాబట్టి వాళ్ల చేతులు నాకు కళ్ల ముందు కనపడతాయి. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే పాదరసంలో అన్నిటికన్నా పెద్ద వాటా ఈ గుంటలదే. దాన్ని తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం రాసుకున్నారు, మన దేశం 2018లో అందులో చేరింది.

వారం తర్వాత ఆ పాపకు ఫోన్ చేశాను. "గని పేరు నేను చెప్పలేను. మీ ఇంట్లో పాత బంగారం ఉంటే తీసుకురా, కొత్తది కొనొద్దు" అన్నాను. గుత్తి నుంచి వాళ్ల జేజిది బంగారు గుండ్ల పేరు, అంటే గుండ్ల దండ, తెచ్చింది. 46.200 గ్రాములు. గుండ్ల లోపల లక్క, కరిగిస్తే 43.850 తేలింది. వన్నె నూటికి 88. ఇంత పని ఉంటుందని ఆమె అనుకోలేదు, కదలకుండా చూసింది.

పాతదైతే ఎవరికీ ఏ హానీ ఉండదని చెబితే అది కూడా అబద్ధమే. శుద్ధి చేయాలంటే బంగారానికి మూడింతలు వెండి కలిపి కరిగించి, రేకు కొట్టి, నైట్రిక్ యాసిడ్‌లో వేయాలి. వెండీ రాగీ కరిగిపోతాయి, బంగారం గోధుమరంగు పొడిలా అడుగున నిలుస్తుంది. ఆ యాసిడ్ నుంచి లేచే ఇటుకరంగు పొగ మా సందుల్లో చాలామంది గొంతుల్లోకి పోతోంది. అందుకే పీణ్య పారిశ్రామికవాడ దాకా వెళ్లాను. అక్కడ ఒకాయన పొగను నీళ్లలోంచి పంపి కడిగి వదులుతాడు. కూలి ఎక్కువ తీసుకున్నాడు. ఆ తేడా మజూరిలో కలుపుతానని ముందే చెబితే పాప సరేనంది. 38.500 గ్రాముల మేలిమి తిరిగొచ్చింది, తరుగు 88 మిల్లీగ్రాములు. రాగి, వెండి కలిపి 916కు, అంటే 22 క్యారెట్లకు, తెస్తే దాదాపు 42 గ్రాములు.

ఈలోగా మా గదిలో కుంపటి పైన పొగ లాగే ఫ్యాను పెట్టించమని శేఠ్‌ను అడిగాను. రజను ఎగిరిపోతుందని ఆయన ఒప్పుకోలేదు. ఫ్యాను నోటికి మూడు పొరల గుడ్డ కట్టి నా డబ్బుతోనే బిగించాను. నాలుగు నెలలకు ఆ గుడ్డ కాల్చి కడిగిస్తే 640 మిల్లీగ్రాములు వచ్చింది. అది తీసుకెళ్లి ఆయన తక్కెడలో పెట్టాను. పక్క గదికీ ఒకటి పెట్టించమన్నాడు. ఆ బంగారం ఇన్నాళ్లూ ఎక్కడికి పోయేదో ఆయన అడగలేదు. మేం పీల్చేవాళ్లం.

పుస్తెలు చేసే రోజు ఆ పాప తల్లి మా పద్ధతి ప్రకారం బియ్యం, పసుపు కుంకుమలు, తాంబూలం తెచ్చింది. మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూనే నేల మీద కూర్చుని పళ్లెం నా ముందు పెట్టింది. తాడు అల్లింది నేను, గొలుసు కొనల పని మేదినీపూర్ కుర్రాడిది.

బిల్లు ఇచ్చేటప్పుడు పాప మళ్లీ మొదటి మాటే అడిగింది. ఈసారి బిల్లు వెనక వరసగా రాశాను. బంగారం గుత్తి జేజి గుండ్ల పేరులోది, అంతకుముందు ఏ గనిదో తెలియదు. శుద్ధి పీణ్యలో. అతుకులో కాడ్మియం లేదు. చేసినవాళ్లు అని రాసి నా పేరు పెట్టాను. కుర్రాడి పేరు తెలుగులో రాయబోతుంటే వాడు చేతులు తొట్టిలో కడుక్కుని వచ్చి, పెన్ను అడిగి తీసుకుని, తన పేరు బెంగాలీలో తనే రాసుకున్నాడు.