ఈ నెల టోకెన్ల లాగ్: డ్రూయిడ్ అంచు చదివేశా

ఈ నెల ట్రేలోకి కొత్తగా వచ్చింది ఒక్కటే, కానీ దీనికోసం ఏడాదిగా చూస్తున్నా. 1788 డ్రూయిడ్ హాఫ్‌పెన్నీ (అర పెన్నీ టోకెన్, అంటే ప్రభుత్వం కాక ప్రైవేటు కంపెనీ కొట్టించిన రాగి బిళ్ల), వేల్స్‌లో ఆంగ్లెసీ దీవి మీదున్న పారిస్ మైన్ కంపెనీ వాళ్లది (ఈ పారిస్ ఒక రాగి కొండ పేరు). ముందు పక్క ముసుగేసుకున్న గడ్డం డ్రూయిడ్ (పాతకాలపు కెల్టిక్) పూజారి, చుట్టూ ఓక్ ఆకుల దండ, వెనక పి ఎం సి అక్షరాలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి.

అప్పట్లో రాయల్ మింట్ (బ్రిటన్ ప్రభుత్వ టంకశాల) 1775 తర్వాత ఏళ్ల తరబడి హాఫ్‌పెన్నీలే వేయలేదు, బజార్లో చూస్తే అన్నీ దొంగ నాణేలు, ఇటు కూలీలకి జీతాలివ్వాలంటే చిల్లర లేదు, దాంతో చేతిలో రాగి గని ఉన్నవాళ్లు 1787లో సొంతంగా కొట్టించడం మొదలుపెట్టారు.

నాది తూకం వేస్తే 12.7 గ్రాములు, వెడల్పు 29 మిల్లీమీటర్లు. రాజుగారి హాఫ్‌పెన్నీలు పౌను (సుమారు 454 గ్రాములు) రాగికి 46 చొప్పున కొట్టేవాళ్లు, అంటే ఒక్కోటి 10 గ్రాములు కూడా ఉండదు. కంపెనీ బిళ్లలోనే రాగి ఎక్కువన్నమాట! నాకు ఈ టోకెన్ల పిచ్చి పట్టింది ఈ లెక్క దగ్గరే.

అంచు మాత్రం మట్టితో పూడిపోయి ఉంది. 4 రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టా, రోజూ నీళ్లు మార్చి. తర్వాత గాజు గిన్నెలో ప్యూర్ అసిటోన్, 10 నిమిషాలు, కిటికీలు తీసి (నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో వేరేవి కలుస్తాయి). మిగిలిన మట్టి గులాబీ ముల్లుతో ఒక్కో అక్షరంలోంచి మెల్లగా తీశా, రెండు సాయంత్రాలు పట్టింది. చింతపండు జోలికి మాత్రం అస్సలు పోకండి, ఇంట్లో రాగి చెంబు తోమినట్టు మొదట్లో ఒకటి తోమేశా, 200 ఏళ్ల రంగు నిమిషంలో పోయి గులాబీ రంగులోకి తిరిగింది, అది ఇప్పటికీ బాధే.

అంచు ఫొటోకి బిళ్లని నిలబెట్టి కొంచెం కొంచెం తిప్పుతూ 8 తీశా, లైటు పక్కనుంచి. అన్నీ కలిపి చదివితే ఆంగ్లెసీలో, లండన్‌లో లేదా లివర్‌పూల్‌లో చెల్లిస్తాం అని ఉంది. లివర్‌పూల్‌లో చివరి అక్షరం సగమే పడింది, వేలు పెడితే తెలుస్తోంది.

పీవీసీ లేని ఫ్లిప్‌లో (నాణేలు దాచే చిన్న కవరు) పెట్టి, తూకం, తేదీ, అంచు మీది మాట చీటీ మీద రాసేశా. తర్వాత వెతికేది ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ ఊరి 1792 టోకెన్, గుర్రం మీద గొడైవా (ఆ ఊరి కథల్లోని దొరసాని) ఉన్నది, అంచు బాగుంటేనే కొంటా.