పాత ల్యాండ్ క్రూజర్ కార్బొరేటర్: గల్ఫ్ గ్యారేజీల్లో పనిచేసే మనవాళ్ల కోసం

గల్ఫ్‌లో చలికాలం మొదలవుతుందనగా పాత ఫోర్‌వీల్ బళ్లు గ్యారేజీల ముందు వరస కడతాయి. ఎండాకాలమంతా షెడ్డులో కదలకుండా పడున్న బండిని ఎడారి విడిదికి తీయాలని యజమాని తెస్తాడు. స్టార్ట్ కాదు, ఒకవేళ అయినా రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. అన్ని నెలల్లో, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోల్ ఆవిరైపోయి, అడుగున జిగట మిగిలిపోతుంది. అది సన్నటి దారుల్లో గట్టిపడి కూర్చుంటుంది. అందుకే కార్బొరేటర్ మీద అనుమానం రావడం సహజం. కానీ సాయంత్రానికి బండి కావాలని అర్బాబ్ (యజమాని) తొందరపెట్టాడని వచ్చీ రాగానే దాన్ని ఊడదీయకండి.

ముందు ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్, స్పార్క్ టైమింగ్ చూడండి. తర్వాత పెట్రోల్ ఫిల్టర్, పంపు. ఆపైన గాలి లీకు. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నెమ్మదిగా తిరుగుతూ) ఉండగా కార్బొరేటర్ కింది ప్యాకింగ్ చుట్టూ, వ్యాక్యూమ్ పైపుల దగ్గర కొద్దిగా కార్బ్ క్లీనర్ కొట్టి చూడండి. ఆర్‌పీఎమ్ మారిందంటే లీకు అక్కడే ఉంది. వేడి మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాల భాగం) మీద మాత్రం కొట్టొద్దు, నిప్పు అంటుకుంటుంది. ఎండకు పైపులు పెళుసెక్కి పగలడం ఇక్కడ మామూలే. పైపు పగిలిన బండికి కార్బొరేటర్ ఎంత కడిగినా ఐడిల్ నిలవదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే లక్షణాన్ని బట్టి ఏ దారి మూసుకుందో పట్టేయొచ్చు. పాత ల్యాండ్ క్రూజర్లలో వచ్చిన 2ఎఫ్ పెట్రోల్ ఇంజన్ మీదుండే రెండు గొంతుల (గాలి దిగే దారుల) ఐసిన్ కంపెనీ కార్బొరేటర్‌నే తీసుకుందాం. యాక్సిలరేటర్ తొక్కినంతసేపు నడిచి, కాలు తీయగానే ఆగిపోతుంటే స్లో జెట్ (ఐడిల్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) మూసుకుపోయి ఉండాలి, లేదా ఫ్యూయల్ కట్ సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకుని ఆ పెట్రోల్‌ను వదిలే వాల్వ్) పనిచేయకుండా ఉండాలి. సోలెనాయిడ్‌కు 12 వోల్టుల కరెంటు ఇస్తే టక్‌మని చప్పుడు రావాలి. రాకపోతే ముందు వైరు చూడండి, కార్బొరేటర్ విప్పే పనే తప్పిపోవచ్చు. ఐడిల్‌లో పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ లోపలికి తిప్పినా బయటికి తిప్పినా ఇంజన్‌లో మార్పే లేదంటే ఐడిల్ దారి మూసుకుంది, లేదా గొంతులో గాలిని అదుపు చేసే థ్రాటిల్ రెక్క అవసరానికి మించి తెరుచుకుని ఉంది.

ఒక్కసారిగా తొక్కితే గుటకేసి ఆగుతుంటే యాక్సిలరేటర్ పంపు చూడాలి. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి లింక్ కదిపితే గొంతులోకి పెట్రోల్ ధారగా చిమ్మాలి. చుక్కలుగా కారిందంటే ప్లంజర్ తోలు ఎండిపోయినట్టే. నల్లపొగ, పెట్రోల్ వాసన ఉంటే గిన్నెలోకి పెట్రోల్ రాకను ఆపే నీడిల్ వాల్వ్ గానీ, బిగుసుకుపోయిన చోక్ గానీ కారణం కావచ్చు. గిన్నెకు అద్దం ఉంటుంది కదా, బండి సమంగా నిలబడి ఉన్నప్పుడు పెట్రోల్ అందులోని గుర్తు దగ్గర కనిపించాలి. ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు మాత్రమే ఆగిపోయే బండికీ ముందు ఈ లెవలే చూడాలి.

విప్పక తప్పదంటే ప్రతి పైపుకూ టేపు చుట్టి నంబరు రాయండి, నాలుగు వైపుల నుంచీ ఫోన్‌లో ఫొటోలు తీయండి. జపాన్ బండి స్క్రూలకు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదు, తల గాట్లు అరిగిపోతాయి. జిస్ (జపాన్ ప్రమాణం) ముక్కున్న స్క్రూడ్రైవర్ వాడండి. మిక్చర్ స్క్రూను ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ, ఎన్ని చుట్లకు ఆనిందో రాసుకుని, అప్పుడు తీయండి. గట్టిగా బిగిస్తే మొన దెబ్బతింటుంది.

మూత తీయగానే గిన్నెను కడిగేయకండి. అడుగున ఉన్న చెత్తను తెల్లగుడ్డ మీద పోసి వెలుతురులో చూడండి. ఇటుకరంగు పొడి ఉంటే ట్యాంకు లోపల తుప్పు పట్టింది. గరుకు ఇసుక ఉంటే ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా క్యాన్‌తో పెట్రోల్ పోసేటప్పుడు పడింది. వేళ్లకు నల్లగా అంటుకునే రబ్బరు ముక్కలైతే పెట్రోల్ పైపు లోపల కరిగిపోతోంది. తెల్లని పొడి, గిన్నె గోడలకు చిన్న గుంటలు కనిపిస్తే నీళ్లు చేరాయి. చెత్త ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా జెట్లు శుభ్రం చేస్తే బండి వారంలో తిరిగొస్తుంది.

యాక్సిలరేటర్ పంపు దారిలో చిన్న ఉక్కు గుండ్లు, బరువు, స్ప్రింగ్ ఉంటాయి. బాడీని ట్రేలో పెట్టుకునే తిరగేయండి, గుండు జారిపోతే పని అక్కడికక్కడే ఆగిపోతుంది. రబ్బరు, ప్లాస్టిక్, తోలు ఉన్నవన్నీ తీసేశాకే క్లీనర్‌లో ముంచాలి. జెట్లలో ఇనుప తీగ పెట్టొద్దు. ఇత్తడి గీరుకుపోయి రంధ్రం పెద్దదైతే పెట్రోల్ తాగడం మొదలుపెడుతుంది. చేపల గాలానికి కట్టే నైలాన్ దారం చాలు. ప్రైమరీ (మొదటి గొంతు), సెకండరీ (రెండో గొంతు) జెట్ల మీద నంబర్లుంటాయి, రెండూ తారుమారు కాకూడదు. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని ప్రతి దారిలోనూ గాలి కొట్టి, రెండో వైపు నుంచి వస్తోందో లేదో వేలు పెట్టి చూడండి. గిన్నెలో తేలే ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచితే బుడగలు రాకూడదు. థ్రాటిల్ రెక్కల స్క్రూలను కొసలు నొక్కి పెట్టి ఉంటారు, వాటి జోలికి పోవద్దు.

బిగించేటప్పుడు రిపేరు కిట్‌లోని కొత్త ప్యాకింగ్‌ను పాతదాని మీద పరిచి, ప్రతి రంధ్రం కలుస్తోందో లేదో చూసుకోండి. ఇంజన్ బాగా వేడెక్కాకే, సుమారు 650 ఆర్‌పీఎమ్ దగ్గర ఐడిల్ సెట్ చేయాలి.

వేడికి వచ్చే ఇబ్బంది మరోటి ఉంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు దాదాపు 35 డిగ్రీల నుంచే మరగడం మొదలుపెడతాయి. ఇంజన్ ఆపాక కింది మానిఫోల్డ్ వేడికి గిన్నెలో పెట్రోల్ పొంగి లోపలికి కారుతుంది. పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే అందుకోదు. అప్పుడు పెడల్‌ను పదేపదే తొక్కకుండా, ఒకేసారి కింది దాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. కార్బొరేటర్ కింది మందపాటి ఇన్సులేటర్, వేడి తగలకుండా ఉండే రేకు చాలా బళ్లలో ఎవరో పీకేసి ఉంటారు. అవి తిరిగి వేయించాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోని హీట్ వాల్వ్ మూసుకుని బిగిసిపోయి ఉందేమో కూడా చూడండి.

ఎంత కడిగినా బాగుపడనిది థ్రాటిల్ షాఫ్ట్ (రెక్కలు తిరిగే కడ్డీ) అరుగుదల. షాఫ్ట్ బాడీలో అటూ ఇటూ ఆడుతుంటే ఆ సందులోంచి గాలి లాక్కుంటుంది. దానికి బుష్ వేయించాలి, లేదా కార్బొరేటరే మార్చాలి. ఈ సంగతి విప్పకముందే యజమానికి చెప్పండి, లేదంటే మీరు చెయ్యి పెట్టాకే పాడైందని జీతంలో కోత పడొచ్చు. అరబ్బీ అంతగా రాకపోయినా, అతని వేలు షాఫ్ట్ మీద పెట్టించి ఊపి చూపిస్తే చాలు.