కాలువ కట్ట మీద ఒకే ఒక్క మోటారు బండి

"నువ్వు స్కూటీ వేసుకుని వెనక వస్తానంటే నేను సైకిల్ ఎక్కను."

మా పెద్దమ్మాయి ఈ మాట అన్నది ఇంట్లో కాదు. ఊళ్ళో, కాలువ కట్ట మీద, పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్ళందరి ముందు, శుభ్రమైన తెలుగులో అన్నది. దానికి తెలుగు రావాలని ఇన్నేళ్ళు ఆరాటపడ్డది నేనే కాబట్టి ఆ సంగతి మీద ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదు.

మేముండేది జర్మనీలో, ఫాల్ట్స్ ప్రాంతంలోని ద్రాక్షతోటల పక్కన. తోటలు అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. తోటల మధ్య బాటలన్నీ రైతులవే. మొదట్లో కారు, మోటారు సైకిల్ బొమ్మలున్న ఎర్ర అంచు గుండ్రటి బోర్డు, దాని కింద వ్యవసాయ బండ్లకు మాత్రమే అని రాసి ఉంటుంది. సైకిళ్ళు పోవచ్చు, కార్లు రాకూడదు. అడవి బాటలదీ అదే పద్ధతి. కొంత దూరం సిమెంటు, కొంత దూరం కంకర, కొంత ఉత్త మట్టి. మా ఆయన సరిగ్గా ఇలాంటి దారుల కోసమని వంపు హ్యాండిల్, లావు టైర్ల గ్రావెల్ బైకు కొనుక్కున్నాడు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో అందరికీ వచ్చాయి. ధర మా అమ్మకు ఇంతవరకు చెప్పలేదు.

జర్మనీకి కొత్తగా వచ్చిన తల్లులెవరైనా వాట్సాప్‌లో, "పిల్లను ఒక్కదాన్నే ఎలా వదులుతారండీ?" అని అడిగితే నేను పెద్ద క్లాసే పీకుతాను. టైర్లలో గాలి కాస్త తగ్గించండి, నలభై మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు గట్టిగా గాలి కొడితే రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంది. వదులు కంకర మీద ముందు బ్రేకు ఒక్కదాన్నే పట్టొద్దని చెప్పండి. వేగం మలుపులోకి దిగాక కాదు, దిగకముందే తగ్గించాలి. మలుపులో తొక్కడం ఆపి బయటి వైపు పెడల్ కిందికి ఉంచమనండి. సెప్టెంబరులో, అక్టోబరులో కోత యంత్రాలు తిరుగుతుంటాయి, ద్రాక్ష వరుసకు అటూ ఇటూ చక్రాలేసుకుని ఇంటి ఎత్తున వస్తాయి. అవి కనిపిస్తే దిగి పక్కన నిలబడాలి. చెయ్యి చాపి సైగ చేయడం, భుజం మీదుగా వెనక్కి చూడడం ప్రైమరీ స్కూల్లోనే నేర్పి పరీక్ష కూడా పెడతారు, ఆ పని మీ నెత్తిన పడదు. మొదట మీరు ముందు, పిల్ల వెనక. తర్వాత పిల్ల ముందు, మీరు వెనక. ఆ తర్వాత తోట చివరి బెంచీ దగ్గర కలుద్దామని చెప్పి వదిలేయండి. చివర్లో, స్వేచ్ఛ ఇస్తేనే బాధ్యత తెలుస్తుందని ఒక ముక్తాయింపు కూడా పెడతాను.

చెప్పనిది ఒకటుంది. ఆదివారం రైడ్‌లో తెలుగు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని నేనొక రూలు పెట్టాను. దాంతో మా అమ్మాయి మాట వినపడనంత దూరం ముందుకెళ్ళి తొక్కడం మొదలుపెట్టింది. తన ధైర్యంలో సగం ఆ రూలు పుణ్యమేనని నా అనుమానం.

మా అమ్మకు ఈ వ్యవహారం నచ్చలేదు. "గా సారా తోటలల్ల పిల్లను తిప్పుతున్నవా?" అంది వీడియో కాల్‌లో. సారా కాదమ్మా, వైన్ అన్నాను. శరత్కాలంలో అమ్మే కొత్త వైన్ సీసాలో ఇంకా పులుస్తూనే ఉంటుందని, మూత గట్టిగా బిగిస్తే సీసా పగులుతుందని, అందుకే నిలువుగా పట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలని చెప్పాను. "కల్లు లొట్టి లెక్కనే గద!" అంది. ఆ తర్వాత ఆ తోటల గురించి అమ్మకు ఏ అభ్యంతరమూ లేకపోయింది.

మన గొప్పలు చెప్పడంలో నేనేమీ తక్కువ తినలేదు. అక్కడ ద్రాక్షతోటల గుండా పోయే వైన్ రోడ్డుకు ఆ పేరు పెట్టిందే 1935లో. ఎనభై అయిదు కిలోమీటర్ల ఆ రోడ్డును ఏటా ఆగస్టు చివరి ఆదివారం కార్లకు మూసేస్తే జనం సైకిళ్ళేసుకుని జాతరలా వస్తారు. ఆ జనం మధ్యలో తొక్కుతూ కూడా నేను పిల్లలకు రామప్ప గురించి చెప్పాను. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు, పక్కనే చెరువు, ఆ చెరువు కట్ట. పాకాల చెప్పాను, లక్నవరం చెప్పాను. మన దగ్గరా అడవి ఉంది, నీళ్ళున్నాయి, మొరం బాటలున్నాయి, ట్రాఫిక్ లేని దారి కావాలంటే మా ఊరికి రండి అన్నాను. పిల్లలు మాట గుర్తు పెట్టుకుంటారని అప్పుడు తట్టలేదు.

డిసెంబరు సెలవులకు వచ్చాం. హన్మకొండలో పెద్దమ్మాయి సైకిల్ అడగలేదు, అక్కడి రోడ్లు తనే చూసింది. ఊరికి వెళ్ళగానే మొదలుపెట్టింది. తమ్ముడి కొడుకు గేర్ల సైకిల్ ఉంది, ఇంటి వెనక నుంచే కాకతీయ కాలువ, కట్ట మీద పొడుగునా మొరం బాట. ఇక అడ్డేముంది? అడ్డం నేనే. సరేనని సైకిల్ ఇచ్చి, మరదలి స్కూటీ తీసుకుని వెనక బయలుదేరాను. సైకిల్ వేగంతో స్కూటీ నడపడం ఎంత కష్టమో నడిపితేగానీ తెలియదు. రెండు కాళ్ళూ కింద ఆనిస్తూ, మేక కనపడితే హారన్ కొడుతూ, దుమ్ము లేపుతూ వెళ్ళాను. ఆ కట్ట మీద ఆ పొద్దున తిరిగిన మోటారు బండి నాదొక్కటే.

భయం ఉత్తదేం కాదు. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నీళ్ళు మైళ్ళ కొద్దీ పారి మా ఊరి దాకా వస్తాయి. కాలువకు రెండు పక్కలా ఏటవాలు సిమెంటు, దాని మీద నాచు. నీళ్ళు వదిలినప్పుడు జారితే గజ ఈతగాడికీ పైకి రావడం కష్టం. ఇదంతా అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా విని, "మరి వాడో?" అంది.

వాడంటే నా మేనల్లుడు. దీనికంటే ఏడాది చిన్న. రోజూ అదే కట్ట మీద, ఒక చేతిలో పాల క్యాన్ పట్టుకుని, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టి పోతాడు. వాడి వెనక ఎవరూ పోరు. వాడికి ఈ దారి అలవాటు అన్నాను. "నాకు గ్రావెల్ అలవాటు" అంది. వాడికి ఈత వచ్చు అన్నాను. తనకు ఈత సర్టిఫికెట్ ఉంది. వాడు మగపిల్లాడు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు గానీ దానికి అర్థమైపోయిందనే అనుకుంటున్నాను.

ఆ రోజే పల్లేరు ముల్లు దిగి పంక్చర్ అయింది. దుకాణంలో పెద్దమనిషి టైరు ఊడదీసి, గాలి కొట్టిన ట్యూబును నీళ్ళ తొట్టిలో అంగుళం అంగుళం ముంచుతూ తిప్పాడు. బుడగలు సన్నగా ఒక చోట మొదలవగానే వేలు పెట్టి, తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి ఊదాడు. అతుకు వేయకముందే అడిగాడు, "ఎవలి బిడ్డ?" అని. మా నాన్న పేరు చెప్పాను. ఇక డబ్బులు తీసుకోనన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ద్రాక్షతోటల్లో నా బిడ్డ ఎవరి బిడ్డో ఒక్కరికీ తెలియదు. పడితే పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అక్కడ వదిలేస్తాను. ఇక్కడ పంక్చర్ వేసే మనిషికి మా ఇంటి మూడు తరాలు తెలుసు. పడితే ఎత్తుకుని ఇంటికి తెచ్చేవాళ్ళు అడుగడుగునా ఉన్నారు. ఇక్కడే వెంటపడుతున్నాను. నాకు కాలువ భయమా, కట్ట మీద కూర్చుని ఫోన్లు చూసుకునే కుర్రాళ్ళ భయమా, ఫలానా వాళ్ళ మనవరాలు ఒక్కతే తిరుగుతోందట అన్న మాట భయమా? మూడూ కలిపి కాలువ పేరు చెబుతున్నానా?

నేను ఏడో తరగతి దాకా కిరాయి సైకిల్ తొక్కాను. పెద్దమనిషినయ్యాక, "ఇగ సైకిల్ బంద్" అంది అమ్మ. మళ్ళీ ఎక్కింది జర్మనీలోనే, నలభైకి దగ్గర పడ్డాక. ఈ కథ నేను అక్కడ ప్రతి బతుకమ్మ కూడికలో గొంతు బొంగురు పోయేలా చెబుతాను. కథలో విలన్ మా అమ్మ.

ఆ విలనే పొద్దున నా చేతిలోంచి స్కూటీ తాళం లాక్కుంది. "దానెంబడి నువ్వు పోవుడేంది, ఊరోళ్ళు నవ్వుతున్నరు" అని. "మరి నన్నెందుకు ఆపినవమ్మా?" అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "అప్పుడు మీ నానమ్మ ఉండె" అంది. నానమ్మ పోయి చాలా ఏళ్ళయింది, ఆవిడను అడగలేను.

ప్రస్తుతం బేరం నడుస్తోంది. నేను తూము దాకా అంటున్నాను, తను బ్రిడ్జి దాకా అంటోంది. మేనల్లుడు తోడుంటే బ్రిడ్జి దాకా సరే అన్నాను. "వాడికి నేను తోడు అని చెప్పు, అప్పుడు ఒప్పుకుంటా" అంది. మేనల్లుడు దీనికి ఒప్పుకోవడం లేదు. మా తిరుగు విమానం ఆదివారం.