షోకేసులో కొన్ని, డబ్బాల్లో మిగతావి

ఆదివారం, రాజమండ్రి.

పొద్దున్నుంచీ ముసురు. ఉతికిన బట్టలు ఆరవు, బజారుకి వెళ్లే వీల్లేదు. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న షోకేసు సర్దే పని పెట్టుకున్నాను. పై అరలో పెళ్లి ఫోటో, కొండపల్లి అంబారీ ఏనుగు, పాప గెలిచిన కప్పులు. మధ్య అర నాది, నేను పోగేసిన శిలాజాలది, అంటే ఎప్పటివో ప్రాణులు, చెట్లు రాయిగా మారి మిగిలినవి. అందులో ఉన్నవి అత్తయ్యగారి లెక్కలో రాళ్లు, పాప లెక్కలో డైనోసార్లు. ఒక్క డైనోసార్ ముక్క కూడా లేదే అంటే వినదు. అది కావాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ దగ్గరికి తీసుకెళ్లాలి. మన తెలంగాణలో దొరికిందే, ఆ అస్థిపంజరం పొడవు 44 అడుగులు. మా షోకేసు పొడవు నాలుగడుగులు.

నా దగ్గరున్నవన్నీ అరచేతిలో పట్టేవే. మా ఊరి పక్క కాతేరు క్వారీల్లోంచి మావయ్యగారు తెచ్చిన గవ్వలు, తమిళనాడులో అరియలూరు వైపు పనిచేసే తమ్ముడు ఇచ్చిన బెలెమ్నైట్ (అంతరించిన స్క్విడ్ లాంటి జీవి) ముక్కలు, ఆన్‌లైన్‌లో కొన్న మడగాస్కర్ అమ్మొనైట్ (చుట్ట తిరిగిన గుల్ల ఉండే, అంతరించిన సముద్రజీవి) జత, ఒక సొరచేప పన్ను, చెట్టు రాయైపోయిన ముక్క ఒకటి. వీటితో పాటు ముచ్చటపడి కొనుక్కున్న పైరైట్ అమ్మొనైట్. రూపాయి బిళ్లంత ఉంటుంది, అచ్చం బంగారు చుట్టలా మెరుస్తుంది. మెరిసేది అనాలి. ఇవాళ తీసి చూస్తే చుట్ట అంచున బూడిదరంగు తెల్లపొడి పట్టి ఉంది. గోటితో తాకితే రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన. అడుగున పెట్టిన కాగితం చీటీ ఆ మేరకు గోధుమరంగు తిరిగి, పట్టుకోగానే పెళుసుగా విరిగింది.

పైరైట్ అంటే ఇనుము, గంధకం. గాలిలో తేమ ఎక్కువైతే ఆక్సిజన్‌తో కలిసి సల్ఫ్యూరిక్ యాసిడ్, ఇనుప లవణాలు పుడతాయి. ఆ లవణాలు ఉబ్బుతాయి, లోపల్నించి రాయి పగులుతుంది. కాగితాన్ని తిన్నది ఆ యాసిడే. తేమ 60 శాతం దాటితే ఈ జబ్బు బాగా ముదురుతుందంటారు. మా హాల్లో తేమ కొలిచే మీటరు ఇవాళ 84 చూపిస్తోంది. గోదావరి ఒడ్డున వానాకాలంలో అంతకన్నా తక్కువ చూపిస్తే మీటరునే అనుమానించాలి. పెద్ద మ్యూజియాల్లో అమ్మోనియా ఆవిరి పట్టించి యాసిడ్‌ని విరిచేస్తారు. ఇంట్లో పిల్ల తిరుగుతుంటే ఆ ప్రయోగాలు వద్దు. నీళ్లు తగలనివ్వకుండా, మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో పొడి దులిపి, బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ వేసి, విడిగా పెట్టాను. విడిగా ఎందుకంటే ఆ యాసిడ్ పక్కనున్న సున్నపురాయి గవ్వల్ని కూడా తింటుంది. ఇది ఇక షోకేసుకి రాదు. చూడాలనుకున్నవాళ్లకి మూత తీయకుండా చూపిస్తాను.

సిలికా జెల్‌లో నారింజరంగు గింజలవి కొన్నాను. తేమ పీల్చాక ఆకుపచ్చగా మారతాయి. ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర కాసేపు పెడితే మళ్లీ నారింజరంగుకి వస్తాయి. నీలం గింజలవి కూడా దొరుకుతాయి కానీ వాటిలో కోబాల్ట్ ఉంటుంది, వంటింటి ఓవెన్లోకి అవి రావడం నాకిష్టం లేదు. డబ్బాలో పెట్టిన చిన్న మీటరు సాయంత్రానికి 41కి దిగింది. ఆ అంకె చూసి నేను పడిన సంబరం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

రెండో తలనొప్పి షోకేసు అడుగు సొరుగు. ప్లైవుడ్‌ది. కొత్త ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, కొన్ని రకాల చెక్కలు సన్నగా యాసిడ్ ఆవిర్లు వదులుతూనే ఉంటాయి. మూసిన సొరుగులో తేమ తోడైతే గవ్వల మీద తెల్లటి పొడి పూస్తుంది. 1899లో బైన్ అనే ఇంగ్లీషాయన దీని గురించి రాశాడు, బాక్టీరియా పనేమో అనుకున్నాడు. పేరు మాత్రం ఆయనదే నిలిచిపోయింది, బైన్ జబ్బు అని. సముద్రపు మామూలు గవ్వలకే ఇది ఎక్కువ, అయినా నా గవ్వలన్నిటినీ సొరుగులోంచి ప్లాస్టిక్ డబ్బాల్లోకి దింపేశాను. అడుగున పరవడానికి కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన తెల్ల ఫోమ్ షీటు పనికొచ్చింది. బ్లేడుతో గవ్వ ఆకారానికి గుంట కోస్తే కదలకుండా కూర్చుంటుంది. పసుపుపచ్చ స్పాంజి వద్దు, కొన్నేళ్లకి పొడిపొడిగా రాలి రాయికి అంటుకుంటుంది. దూదీ అంతే, పీచు గరుకుల్లో చిక్కుకుంటే పట్టకారుతో పీక్కోవాలి.

మిరియపు గింజంత గవ్వలకి పోపుల పెట్టె అడిగాను. వాడకంలో లేనిదే, అటక మీద ఉంది. అత్తయ్యగారు ఒప్పుకున్నారు కానీ, "తర్వాత అందులో ఆవాలు పోయమని మాత్రం నాకు చెప్పకమ్మా" అన్నారు. ఆ చిన్న గిన్నెలు ఇందుకే చేశారేమో అన్నట్టున్నాయి. గిన్నెకో ఊరు, గిన్నెకో చీటీ. మట్టి పట్టిన గవ్వల్ని చూసి, "చింతపండు పెట్టి తోమితే ఇత్తడి బిందెలా వస్తాయి కదా" అని కూడా అన్నారు. సున్నానికి పులుపు తగిలితే గీతలు, గరుకులు అన్నీ నెమ్మదిగా కరిగి నున్నగా అయిపోతాయని చెప్పాను. చింతపండైనా, నిమ్మకాయైనా, వెనిగరైనా అంతే. మంచినీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు.

మధ్యాహ్నం ఎక్కువసేపు మావయ్యగారి పొట్లాలతోనే గడిచింది. ఆయన క్వారీ కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసేవారు. చదువు మీద ఇష్టమే తప్ప జియాలజీ తెలియదు. కానీ ఏ గవ్వ తెచ్చినా ఆ రోజు క్యాలెండర్ కాగితం చింపి అందులోనే పొట్లం కట్టేవారు. తేదీ, తిథి, నక్షత్రం, రాహుకాలం అన్నీ ముందే అచ్చయి ఉంటాయి. వెనకాల పెన్సిల్‌తో ఒకటే వాక్యం: "కాతేరు, నల్లరాయి కింద తెల్లరాయిలో." ఇంకో దాని మీద, "అదే చోటు, రెండు నల్లరాళ్ల నడుమ."

ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ గవ్వ విలువ సగం పోయినట్టే. నల్లరాయి అంటే లావా. పడమటి దక్కన్‌లో పుట్టి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని చెబుతారు. ఒక పొర పారాక కొంతకాలం ఆగింది, ఆ విరామంలో ఇక్కడి నీళ్లలో గవ్వలు బతికాయి, వాటిమీద మళ్లీ లావా పారింది. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి మాట, డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గర. 1860లోనే స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండ్ మిషనరీ రాజమండ్రి గవ్వల గురించి రాశాడు. ఏ గవ్వ ఏ పొరలో దొరికిందో రాసి ఉంటేనే ఈ కథంతా చెప్పగలం. నాకు ఆన్‌లైన్‌లో వచ్చిన సొరచేప పన్నుతో ఏ ఊరి పేరూ రాలేదు. దాన్ని చూసి అందరూ అబ్బ అంటారు, నేను మాత్రం దాని గురించి రెండు ముక్కలు చెప్పలేను. షోకేసుకి తగిన సరుకు.

క్యాలెండర్ కాగితాలు అప్పుడే పచ్చబడి మడతల దగ్గర చినుగుతున్నాయి. వాటిని విప్పి పారదర్శక కవర్లలో పెట్టి, అందులోని మాటల్ని మంచి కాగితం మీద పెన్సిల్‌తో ఎత్తి రాశాను. పెన్ను వద్దు, తేమకి అలుక్కుపోతుంది. గవ్వ మీదా నంబరు వేయాలి, ఎందుకంటే చీటీ, గవ్వ ఎప్పుడో ఒకప్పుడు విడిపోతాయి. చాలామంది పారదర్శక నెయిల్ పాలిష్ పూసి దానిమీద రాస్తారు, కొన్నేళ్లకి పసుపెక్కి పొరలు లేస్తుంది. మ్యూజియాల్లో పారలాయిడ్ బీ-72 అనే పారదర్శకమైన యాక్రిలిక్ రెజిన్‌ని అసిటోన్‌లో కరిగించి సన్నగా పూస్తారు, దానిమీద నల్ల ఇంకుతో నంబరు, పైన మరో పూత. కావాలంటే అసిటోన్‌తో తుడిచేయొచ్చు. చిన్న సీసా ఆర్డర్ పెట్టాను.

షోకేసులో చివరికి మిగిలినవి తక్కువే. అమ్మొనైట్ జత, రాయైన చెట్టు ముక్క, పన్ను, కాతేరు రాతిపలక ఒకటి. పలకని గోడకి ఆనించే బదులు, ఇంటి వైరింగ్‌లో మిగిలిన రాగి తీగ వంచి, రాయికి గీతలు పడకుండా దారం చుట్టి, చిన్న స్టాండు చేశాను. జిగురు పుట్టీలు వాడితే నూనె మరకలు దిగుతాయి. ట్యూబులైటు నేరుగా పడితే ఏదీ కనబడట్లేదు. పక్కనుంచి చిన్న ఎల్ఈడీ పెట్టగానే పలకలోని గవ్వల గీతలన్నీ లేచి నిలబడ్డాయి. పాప కూడా ఫోన్ పక్కన పెట్టి చూసింది, అదే నాకు సర్టిఫికెట్.

అన్నిటికన్నా మంచి వైభోగం మాత్రం పూజగదిలో ఉన్న సాలగ్రామానిదే. నేపాల్ గండకీ నదిలో దొరికే నల్లరాయి, అందులోని చక్రం అమ్మొనైట్‌దే. అత్తయ్యగారు రోజూ అభిషేకం చేసి, పొడిబట్టతో తుడిచి, తులసి దళం పెట్టి, దాని సంపుటంలో ఉంచుతారు. ఆ శ్రద్ధలో పదోవంతు నా డబ్బాల మీద పెట్టినా అవి నాలుగు తరాలుంటాయి. అమ్మొనైట్ సంగతి ఆవిడతో ఎప్పుడో అన్నాను, "మరి తెలిసే కదా దణ్ణం పెడుతున్నాం" అని నవ్వేశారు.

రాత్రి భోజనాల దగ్గర బొమ్మల కొలువు ప్రస్తావన తెచ్చాను. సంక్రాంతికి ఇంకా చాలా టైముంది, ముందే అడిగి ఉంచాలి కదా. కింది మెట్టు ఇస్తానన్నారు. షరతులు రెండు: దేవుడి బొమ్మలకి పై మెట్టు, పేరంటాళ్లు అడిగితే "ఇవి అమ్మకానికి కాదు" అని నేనే చెప్పుకోవాలి. ఇంకో షరతు నేను పెట్టాను, పైరైట్ కొలువులోకి రాదని.