శ్రీకాకుళంలో ప్రోటాన్ మాగ్నెటోమీటర్: 1,850 హెర్ట్జ్ దగ్గరి చిక్కు

ప్రోటాన్ మాగ్నెటోమీటర్ అంటే నీటి సీసాకి కాయిల్ చుట్టి భూ అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం. కాయిల్‌కి కరెంటిచ్చి ఆపగానే నీటిలోని ప్రోటాన్లు ఆ క్షేత్రం చుట్టూ తిరుగుతూ సన్నగా మోగుతాయి, క్షేత్రం ఎంత బలంగా ఉంటే మోత హెర్ట్జ్ అంత పెరుగుతుంది. యూరప్ వాళ్ల సర్క్యూట్‌ని ఉన్నదున్నట్టు దించేస్తే మన దగ్గర ఏమీ వినిపించదు. అక్కడ చాలా చోట్ల భూ అయస్కాంత క్షేత్రం 48 వేల నానోటెస్లా (క్షేత్రం బలాన్ని కొలిచే యూనిట్) పైనే, ప్రోటాన్ల మోత 2,000 హెర్ట్జ్ దాటుతుంది. శ్రీకాకుళంలో 43 వేల పైచిలుకే. నానోటెస్లాకి 0.04258 హెర్ట్జ్ చొప్పున 1,850 చుట్టుపక్కల పడుతుంది. కాయిల్ 20 మిల్లీహెన్రీలైతే 0.37 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో ట్యూన్ చెయ్యాలి.

చిక్కేమిటంటే, 1,850 అంటే మన కరెంటు 50 హెర్ట్జ్‌కి సరిగ్గా 37 రెట్లు. కరెంటు లైన్ల హార్మోనిక్ (50కి రెట్లలో వచ్చే రొద) అక్కడే కూర్చుంటుంది. అందుకే రెండు సీసాలు, రెండు కాయిల్స్ తీసుకుని ఎదురు దిశల్లో సిరీస్‌గా కలపండి. బయటి రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, ప్రోటాన్ సిగ్నల్ మిగులుతుంది. అయినా అనుమానమా? కాయిల్ ఇరుసు తూర్పు–పడమరగా ఉంచి ఒకసారి వినండి. తర్వాత ఉత్తర దక్షిణాలకు తిప్పి, ఉత్తరపు కొసని పాతిక డిగ్రీలు కిందికి వంచండి. అప్పుడు కాయిల్ క్షేత్రం దిశలోనే ఉంటుంది కాబట్టి ప్రోటాన్ల మోత రాకూడదు. అప్పుడూ మోగుతుంటే అది కరెంటే.

బోరు నీళ్లు వద్దు. ఇనుముంటే సిగ్నల్ చటుక్కున చచ్చిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ మరిగించి చల్లార్చి, గాలి లేకుండా సీసా నిండా పొయ్యండి. కాయిల్‌కి ఒకటి, రెండు ఆంపియర్లు ఐదారు సెకన్లిచ్చి, ఠక్కున కట్ చెయ్యాలి. చాలామంది పొరపడేది ఇక్కడే: కరెంటు కట్ చేసే స్విచ్చిని (రిలేని) కాపాడదామని కాయిల్‌కి మామూలు డయోడ్ కడతారు. దాంతో కరెంటు మెల్లగా దిగుతుంది, ప్రోటాన్లు దాని వెంటే వాలిపోయి అసలు తిరగవు. కరెంటు చటుక్కున దిగేలా ఎక్కువ వోల్టుల జీనర్ డయోడ్ పెట్టండి.

భూ అయస్కాంత క్షేత్రాన్ని కొలవడానికి 2013 నవంబరు 22న ఎగిరిన మూడు యూరప్ స్వార్మ్ ఉపగ్రహాలదీ ఇలాంటి బాధే: సొంత ఒంటి అయస్కాంతత్వం. అందుకే నాలుగు మీటర్ల కడ్డీ చివర క్షేత్రం బలాన్ని కచ్చితంగా కొలిచే హీలియం మాగ్నెటోమీటర్, మధ్యలో నక్షత్ర కెమెరాల పక్కన ఫ్లక్స్‌గేట్ అనే ఇంకో రకం మాగ్నెటోమీటర్. ఫ్లక్స్‌గేట్ దిశ చెబుతుంది గానీ దాని లెక్క మెల్లగా జారుతుంది, హీలియందాన్ని చూసి సరిదిద్దుకోవాలి. 460 కిలోమీటర్ల ఎత్తున మన నెత్తిమీద క్షేత్రం 35 వేలకి దిగుతుంది. మన భావనపాడు తీరపు నల్ల ఇసుక అయస్కాంతత్వం అంత ఎత్తుకి కనిపించదు. అది నేలమీద నడిచి కొలవాల్సిందే.

మీటరు పట్టుకుని నడిచేటప్పుడు బండి తాళాలు, ఫోను, బెల్టు బకిల్ దూరంగా పెట్టండి. పగలు క్షేత్రం తనంతట తనే పదుల నానోటెస్లాలు మారుతుంది. కాబట్టి రెండో మీటరుని రైలు పట్టాలకి దూరంగా ఏ జీడితోటలోనో కదలకుండా ఉంచి, నిమిషానికోసారి చదివించి, ఆ తేడాని తీసెయ్యండి.